వాలు మీద గుప్పెడు ఇసుక

ఏ బరువునైనా ట్రైలర్ మీదికి ఎక్కించే ముందు భూమేశ్ ఇనుప ర్యాంప్ మీద ఇసుక చల్లేవాడు. మడిలో విత్తనం చల్లే రైతులాగా కొంచెం వంగి, మణికట్టు తిప్పి, కింది అంచు నుంచి పైదాకా ఒకే పలచని పొరగా పరిచేవాడు. ఒమన్‌లోని సోహార్ ఓడరేవు వెనకాల ఉన్న ఆ యార్డులో పదకొండేళ్లుగా అది అతని పద్ధతి. అతని గ్యాంగులోని ఏడుగురూ చూసి నేర్చుకున్నారు. ఎందుకు చల్లాలని ఎవరూ అడగలేదు. బరువు ఎన్నడూ జారలేదు కాబట్టి అడగవలసిన అవసరమూ రాలేదు.

ఆ అలవాటు సోహార్‌లో పుట్టింది కాదు. జగిత్యాల జిల్లాలో, రాయికల్ దగ్గరి ఒక రైసుమిల్లులో పుట్టింది. ఇంటర్మీడియట్‌లో ఫిజిక్స్ ఒక్కటే తప్పిన భూమేశ్, మళ్లీ రాయడానికి మనసొప్పక, మూడేళ్లు ఆ మిల్లులో హమాలీగా బస్తాలు మోశాడు. వానాకాలంలో లారీకి ఆనించిన చెక్కబల్ల మీద తడికాళ్లతో ఎక్కడమంటే ప్రాణాల మీదికి వచ్చేది. ముందు నడిచే పెద్ద హమాలీ బల్ల మీద గుప్పెడు ఇసుక విసిరి, "ఇగ భూమే నిన్ను పట్టుకుంటది, నడువు" అనేవాడు. భూమి నిజంగానే పట్టుకునేది. భూమేశ్ ఇరవై రెండో ఏట గల్ఫ్ విమానం ఎక్కినప్పుడు ఆ మాట కూడా అతనితోపాటు ఎక్కింది. ఇప్పుడు అతనికి నలభై ఆరేళ్లు. ఆరేళ్ల నుంచి గ్యాంగ్ లీడర్. ఎవరి మీదా అరవడనీ, ఎవరి డ్యూటీ ఎవరి మీదా మోపడనీ యార్డులో పేరు.

ఆ పేరుకు పరీక్ష ఫిబ్రవరిలో ఒక బుధవారం వచ్చింది.

మామూలుగా యార్డులో బరువులు ఎక్కించే పని ఉదయం ఆరింటికి మొదలై ఎండ ముదరకముందే ముగుస్తుంది. ఆ రోజు మస్కట్ నుంచి రావలసిన ట్రైలర్ పదకొండింటికి వచ్చింది. క్రేన్ మరో సైట్‌కు పోయింది. ఎక్కించవలసింది నీటిపంపు బిగించిన ఒక ఇనుప చట్రం, తొమ్మిది వందల కిలోలు. చైన్ బ్లాక్ అనే గొలుసు కప్పీతో ర్యాంప్ మీదుగా లాగాలి. సగం దూరం ఎక్కాక గొలుసు కొక్కెం విప్పి ముందుకు తగిలించుకోవాలి. ఆ రెండు నిమిషాలూ చట్రాన్ని పట్టి ఉంచేది కింద పెట్టే చెక్కదిమ్మ.

దిమ్మ పెట్టవలసినవాడు పోచన్న. అదే రాయికల్ దిక్కువాడు, భూమేశ్ కంటే పదేళ్లు చిన్న. చట్రం సగం దూరం ఎక్కగానే అతను దిమ్మను చేతిలోకి తీసుకున్నాడు కూడా. ట్రైలర్ డ్రైవర్ అప్పటికే మూడుసార్లు హారన్ కొట్టి "యల్లా, యల్లా" అంటూ తొందరపెడుతున్నాడు.

"ఇసుక జల్లిన గదరా! దిమ్మ ఎందుకు?" అన్నాడు భూమేశ్. "జల్ది ఇటు రా, చైన్ పట్టు."

పోచన్న దిమ్మ కింద పడేసి, చట్రం వెనకనుంచి దాటబోయాడు. అప్పుడే పైన కొక్కెం విప్పారు. చట్రం ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెద్ద చప్పుడేమీ లేకుండా, నీళ్లలో పడవ కదిలినట్టు, వెనక్కి కదిలింది. పోచన్న కుడిపాదం దాని అంచుకూ నేలకూ మధ్య పడింది. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. చీలమండ ఎముకకు ఉక్కుపలక వేశారు.

కంపెనీ సేఫ్టీ ఆఫీసరు కమ్రాన్ లాహోరు మనిషి. కాగితాన్ని నమ్మేవాడే గాని కక్ష కట్టేవాడు కాదు. ఆస్పత్రికి వెళ్లి పోచన్నను అడిగాడు. పోచన్న, "దిమ్మ పెట్టుడు నేనే మర్చిపోయిన సాబ్" అన్నాడు. కమ్రాన్ ముసాయిదా రిపోర్టులో ఒక వాక్యం రాశాడు: కార్మికుడు పోచన్న నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది. ఆదివారం ఆ రిపోర్టు మీద సంతకాలు అవుతాయి. ఆ వాక్యం అలాగే ఉంటే, కాలు మానిన రోజునే పోచన్న ఇంటిదారి పడతాడు, చేతిలో ఆ కాగితంతో.

భూమేశ్‌కు ఆ వాక్యం మింగుడు పడలేదు. తప్పంతా ర్యాంప్‌దే అని అతని నమ్మకం. రెండేళ్ల కింద కంపెనీ పాత పొడవాటి ర్యాంప్ తీసేసి పొట్టిది చేయించింది. పొట్టిది కాబట్టి ఏటవాలు ఎక్కువ. ఏటవాలు ఎక్కువ కాబట్టి జారింది. ఇది రుజువు చేస్తే పోచన్న బయటపడతాడు. తాను అన్న ఆ ఒక్క మాట సంగతేమిటి? అది కూడా అతనికి గుర్తుంది. ఇసుక చల్లిన తర్వాత దిమ్మ ఉన్నా లేకపోయినా ఒకటే కాబట్టి, ఆ మాటకు బరువు లేదనుకున్నాడు. మనిషి తన మీదికి రాని సాక్ష్యాన్ని ఎప్పుడూ జాగ్రత్తగానే తూస్తాడు. తన మీదికి వచ్చేదాన్ని మాత్రం తక్కెడలో వేయడం మరిచిపోతాడు. భూమేశ్ చేసింది అదే. అబద్ధమాడదామని కాదు, ఆ మాట తక్కెడలో వేయదగినదని అతనికి తోచలేదు.

గురువారం డ్యూటీ దిగాక ర్యాంప్‌ను టేపుతో కొలిచి చీటీ మీద రాసుకున్నాడు. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక జగిత్యాలలో ఇంటర్ మొదటి ఏడాది చదువుతున్న కూతురు నవీనకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, వాలు మీద పెట్టిన వస్తువు ఎప్పుడు జారుతదో జెర జెప్పు."

అవతల నవ్వు వినిపించింది. "బాపూ, నువ్వు ఫిజిక్స్‌ల ఫెయిలైనవ్ గద! ఇప్పుడెందుకు నీకు?"

"ఫెయిలైనోనికే గద పాఠం గావాలె. పాసైనోనికి ఎందుకు?"

"ఫీజైతది మరి."

"ఇస్త గని, జెప్పు."

నవీన పుస్తకం తెరిచిన చప్పుడైంది. "ఒక పలక మీద వస్తువు పెట్టి, పలకను ఒకదిక్కు మెల్లగ లేపుకుంట పోవాలె. ఒక యాంగిల్ కాడ వస్తువు జారుతది. ఆ యాంగిల్‌కు టాన్ ఎంతనో, ఆ రెండిటి నడుమ ఫ్రిక్షన్ గుణకం, అంటె పట్టు, అంత. మా సారు బోర్డు మీద గీసి చూపిండు."

"యాంగిల్ కొలిచేది నా తాన లేదు."

"టేపున్నదా? ఎత్తును కింది అడ్డం కొలతతోని భాగించు. గదే టాన్. గింతే."

"మరి బరువు? తొమ్మిది నూర్ల కిలోలుంటే తొందరగ జారదా?"

"జారదు బాపూ. బరువు ఎక్కువైతే కిందికి గుంజుడు ఎక్కువైతది, పట్టుకునుడు గూడ అంతనే ఎక్కువైతది. లెక్కల రెండు దిక్కులా ఉంటది, కొట్టేసుడే. కిలో అయినా టన్ను అయినా గదే యాంగిల్ కాడ జారుతది."

భూమేశ్‌కు గుర్తొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల కింద పరీక్ష హాల్లో వచ్చింది ఇదే లెక్క. బరువైనది ముందు జారుతుందని ఖాయంగా నమ్మి, బరువును చివరిదాకా లెక్కలో మోసుకుపోయి, జవాబు దగ్గర కూలబడిన సంగతి ఇప్పుడు తెలిసివచ్చింది. అప్పటి నుంచి నిజంగానే బరువులు మోస్తూనే ఉన్నాడు.

"బాపూ? ఉన్నవా? ఇది పోచన్న కాక గురించేనా?"

"ఊ. ఉంట బిడ్డా."

కార్మికులు ఉండే గదుల వెనకాల ర్యాంప్ తయారుచేసినప్పుడు మిగిలిన ఇనుప పలక ఒకటి పడి ఉంది. అదే ఇనుము, అదే రంగు. పంపు చట్రం అడుగున ఉండేలాంటిదే ఒక ఇనుప ముక్క స్టోరు వెనక చెత్తలో దొరికింది. గ్యాంగులోని బంగ్లాదేశ్ మనిషి బాబు మియా లారీ జాకీ తెచ్చాడు. పలక కింది అంచును నేల మీద కదలకుండా బిగించి, అక్కడి నుంచి నూట యాభై సెంటీమీటర్ల దూరంలో జాకీ నిలిపారు. బాబు మియా జాకీ పిడి తిప్పుతాడు, పలక లేస్తుంది, ఇనుప ముక్క ఎక్కడ జారితే అక్కడ భూమేశ్ "బస్" అంటాడు, జాకీ దగ్గర పలక ఎత్తు కొలుస్తాడు.

"భాయ్, ఈ ఆట ఎన్నిసార్లు?" అని హిందీలో అడిగాడు బాబు మియా.

"పదిసార్లు."

"ఒకసారి జారితే చాలదా?"

"ఒక్కసారి జారితె అది ముచ్చట. పదిసార్లు ఒక్కతీరుగ జారితె అది సాక్ష్యం."

మొదట పలకను గుడ్డతో శుభ్రంగా తుడిచి పెట్టారు. పదిసార్లూ ముక్క అరవై మూడు సెంటీమీటర్ల అటూఇటూ జారింది. నూట యాభైతో భాగిస్తే సున్నా పాయింట్ నాలుగు రెండు. భూమేశ్ జేబులోంచి గురువారం చీటీ తీశాడు. అసలు ర్యాంప్ అదే దూరంలో నలభై ఐదు సెంటీమీటర్ల ఎత్తుంది. సున్నా పాయింట్ మూడు.

అతను ఆ రెండు అంకెలనూ చాలాసేపు చూశాడు. ర్యాంప్ వాలు పాయింట్ మూడు, పట్టు పాయింట్ నాలుగు రెండు. అంటే శుభ్రమైన ర్యాంప్ మీద చట్రం నిలవాలి. కంపెనీ చేయించిన పొట్టి ర్యాంప్‌లో తప్పు లేదు. తాను దేనిమీద కేసు నిలబెట్టుదామనుకున్నాడో అది పదిసార్ల కొలతతో కూలిపోయింది.

"ఇసుకతో ఇంకా ఎక్కువ వస్తుంది, చూడు," అని ఓదార్చాడు బాబు మియా.

భూమేశ్ గుప్పెడు ఇసుక తీసుకున్నాడు. ఎప్పటిలాగే వంగి, మణికట్టు తిప్పి చల్లాడు. బాబు మియా పిడి తిప్పసాగాడు. ఇరవై, ఇరవై ఐదు, ముప్పై. ముప్పై ఏడు దగ్గర ముక్క జారి కిందికి వచ్చింది. మళ్లీ పెట్టారు. ముప్పై ఎనిమిది. మళ్లీ. ముప్పై ఆరు. ఆ తర్వాత ఏడుసార్లూ అంకె అక్కడక్కడే తిరిగింది. సున్నా పాయింట్ రెండు ఐదు.

భూమేశ్ పలక మీదికి వంగి, ఇసుకను వేలితో ఒత్తి పక్కకు నెట్టాడు. గింజలు దొర్లాయి. ఎండి, గుండ్రంగా, ఆవగింజల్లాగా వేలి కింద దొర్లుకుంటూ పోయాయి. ఇనుముకూ ఇనుముకూ మధ్య తాను పట్టు పరచలేదు. చక్రాలు పరిచాడు.

బాబు మియాకు అంకెలు తెలియకపోయినా అర్థమైంది. అయితే అతను పని మనిషి, ఊరుకోలేదు. "మరి పదకొండేళ్లు ఎందుకు జారలేదు?"

న్యాయమైన ప్రశ్న. భూమేశ్ లేచి, తడిగుడ్డతో పలక తుడిచి, సముద్రపు మంచు దిగిన తెల్లవారుజామున ర్యాంప్ ఎలా ఉంటుందో అలా చేశాడు. ఇసుక లేకుండా నలభై తొమ్మిది దగ్గర జారింది. తడి మీద ఇసుక చల్లితే యాభై ఏడు దాకా నిలిచింది. అంటే పెద్ద హమాలీ చెప్పింది అబద్ధం కాదు. తడి ఇసుకను పట్టుకుంటుంది, ఆ ఇసుక బరువును పట్టుకుంటుంది. పదకొండేళ్లూ పని ఆరింటికి, మంచులో జరిగింది. ఆ బుధవారం మాత్రం పదకొండింటికి, ఎడారి మీదినుంచి పొడిగాలి వీస్తుండగా జరిగింది. పదకొండేళ్ల అనుభవం అని అతను అనుకున్నది నిజానికి ఒకే ఒక ఉదయపు అనుభవం, పదకొండేళ్లు తిరిగి తిరిగి వచ్చింది.

అప్పుడే "దిమ్మ ఎందుకు?" అన్న తన మాట అతనికి మళ్లీ వినిపించింది. ఇసుక పట్టుకుంటుందని నమ్మినంతకాలం అది వట్టి మాట. ఇప్పుడు దానికి తొమ్మిది వందల కిలోలూ వచ్చి చేరాయి.

"భాయ్," అన్నాడు బాబు మియా గొంతు తగ్గించి, "ఖలాస్, ఇసుక కడిగేద్దాం. శుభ్రంగా ఉన్నప్పటి కొలత ఒక్కటి కమ్రాన్ సాబ్‌కు చెప్పు. ర్యాంప్ బాగుందంటే వాళ్లూ సంతోషపడతారు."

"అదొక్కటే జెప్తె ఇగ పోచన్న తప్పే మిగులుతది గద."

"ఏమీ చెప్పకు అయితే."

"అప్పుడు గూడ పోచన్న తప్పే మిగులుతది." భూమేశ్ టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. "ఎటు తిప్పినా నా దిక్కే వస్తున్నది మియా."

శనివారం ఉదయం ఆస్పత్రికి వెళ్లాడు. పోచన్న కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టి ఉంది. భూమేశ్ కుర్చీ లాక్కుని, ముందు కొలతలన్నీ చెప్పాడు. తీర్పు చెప్పినట్టుగా కాదు, సరుకు దింపినట్టుగా, ఒక్కొక్కటీ. పోచన్న కళ్లు కప్పు వైపే ఉన్నాయి.

"అన్నా, ఒక్కటి జెప్పు. దిమ్మ పెడితె ఆగేదా?"

ఆగేదేమో, ఎవరికి తెలుసు అనవచ్చు. ఆ మాట గొంతుదాకా వచ్చింది.

"ఆగేది," అన్నాడు భూమేశ్.

"నా చేతుల్నే ఉండె."

"నేనే పెట్టనియ్యలే."

పోచన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నర్సు వచ్చి, మాత్ర ఇచ్చి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక అతను గోడతోనే మాట్లాడుతున్నట్టుగా అన్నాడు.

"నీ పేరు నేను ఎందుకు జెప్పలేదో ఎరికేనా? నీకు భయపడి గాదు. నువ్వన్నదాంట్ల తప్పు లేదనుకున్న. ఇసుక పట్టుకుంటదని నేను గూడ నమ్మిన. నడుమ నీ పేరెందుకని, మర్చిపోయిన అని జెప్పిన. ఇప్పుడు వచ్చి, తప్పున్నదని నువ్వే జెప్పబడితివి."

"అవు."

"మరి నేనాడిన అబద్ధం ఏమైతది?"

"అది గూడ నేనే జెప్త."

"జెప్పు పో." పోచన్న మొహం ఇటు తిప్పాడు. "కాలు పోతె పాయె. నా పెండ్లం సునీత అడిగితె కాలు జూపిస్త. పని సరిగ్గ జెయ్యలే అని రాసిన కాయితం ఎట్ల జూపాలె? అది బడికి పోయిన మనిషి, సదువుతది." తర్వాత, "ఇగ నువ్వు ఇక్కడ కూసోకు. నాకు కోపమొస్తున్నది," అన్నాడు.

భూమేశ్ లేచాడు. క్షమించమని అడగలేదు. అడిగితే, పడుకున్న మనిషి మీద మరో బరువు పెట్టినట్టవుతుందని అతనికి తెలుసు.

ఆదివారం ఏడింటికి కమ్రాన్ ఆఫీసు ముందు పలక, జాకీ, ఇనుప ముక్క, ఇసుక డబ్బా సిద్ధంగా ఉన్నాయి. కమ్రాన్ బయటికి వచ్చి అవన్నీ చూసి హిందీలో అడిగాడు: "ఏంటి భూమేశ్ భాయ్, బడి పెట్టావా?"

భూమేశ్ చెప్పాడు. కమ్రాన్ సగం విని చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు. నీ ఊరివాణ్ని కాపాడుకోవడానికి నింద నీ మీద వేసుకుంటున్నావు. ఇలాంటివి నేను చాలా చూశాను."

"నన్ను నమ్మకుండ్రి సాబ్. పలకను నమ్ముండ్రి."

కమ్రాన్ చొక్కా చేతులు మడిచి తానే జాకీ తిప్పాడు. ఇసుక లేకుండా ఏడుసార్లు, ఇసుకతో ఏడుసార్లు. ముక్క రెండోసారి ఇసుక మీద జారినప్పటి నుంచే అతని మొహంలో చిరునవ్వు పోయింది. కొలతలన్నీ తన చేతిరాతతో రాసుకున్నాడు.

"దిమ్మ వద్దని చెప్పిందెవరు?"

"నేను."

"పోచన్న మర్చిపోయానన్నాడే."

"నా కోసం అన్నడు సాబ్. మర్చిపోలే. దిమ్మ చేతుల్నే ఉండె."

కమ్రాన్ పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. "ఈ ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. నాలుగేళ్లూ నువ్వు ఇసుక చల్లడం చూశాను. ఒకసారి పైవాళ్లు వచ్చినప్పుడు, మా గ్యాంగ్ ఎంత జాగ్రత్తో చూడండని నిన్నే చూపించాను." కాగితం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. "అది కూడా రాయాలి."

రాశాడు. ఆ సంగతి భూమేశ్ తర్వాత ఎప్పుడు చెప్పినా కమ్రాన్ పేరు గౌరవంగానే చెప్పేవాడు. రిపోర్టులో పోచన్న మీద ఉన్న వాక్యం తీసేశారు. పొడి ర్యాంప్ మీద ఇసుక నిషేధం. కొక్కెం విప్పే ముందు దిమ్మ పెట్టి, పెట్టినట్టు గట్టిగా చెప్పాలి. భూమేశ్‌కు లిఖితపూర్వకమైన హెచ్చరిక ఇచ్చి, గ్యాంగ్ లీడర్ పని నుంచి తప్పించి మామూలు హెల్పర్‌గా దింపారు. ఆ స్థానం బాబు మియాకు ఇచ్చారు. అది కఠినమని గ్యాంగులో కొందరు గొణిగారు. భూమేశ్ మాత్రం కాగితం రెండుసార్లు చదివి, సరిగ్గానే ఉందని సంతకం పెట్టాడు.

ఆ శుక్రవారం ఫోన్‌లో నవీన అడిగింది. "బాపూ, ఆన్సర్ వచ్చిందా?"

"వచ్చింది బిడ్డా."

"కరెక్టేనా?"

"కరెక్టే. మస్తు ఆలస్యమైంది, అంతే."

ఆ రోజు నుంచి ఉదయం డ్యూటీలో అతని మొదటి పని చీపురు. ఆరు గంటల మసకవెలుగులో ర్యాంప్ మీది మంచును గుడ్డతో తుడిచి, రాత్రి గాలి తెచ్చిపోసిన ఇసుకను పైనుంచి కిందిదాకా ఊడ్చేవాడు. చల్లినంత శ్రద్ధగానే ఊడ్చేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఎందుకని అడిగితే పలక దగ్గరికి తీసుకుపోయి జాకీ తిప్పించేవాడు. మాటలతో చెప్పేవాడు కాదు.

పోచన్న మే నెలలో స్టోరులో కూర్చుని చేసే పనికి తిరిగి వచ్చాడు. భూమేశ్ ఎదురైతే "అన్నా" అనేవాడు, అంతకు మించి ఒక్క మాట కలిపేవాడు కాదు. భూమేశ్ కూడా తొందర పెట్టలేదు.

జూన్ మొదట్లో ఒక ఉదయం మరో పంపు చట్రం వచ్చింది. సగం దూరం లాగాక బాబు మియా చేయెత్తి ఆపాడు. స్టోరు గుమ్మంలోంచి పోచన్న చేతికర్ర పొడుచుకుంటూ బయటికి వచ్చాడు. చంకలో చెక్కదిమ్మ ఉంది. ర్యాంప్ దగ్గరిదాకా వచ్చి, పక్కగా నిలబడి, దాన్ని భూమేశ్ చేతిలో పెట్టాడు.

"పెట్టు," అన్నాడు.

భూమేశ్ పక్కనుంచి వంగి, దిమ్మను చట్రం కిందికి దూర్చి, సుత్తితో రెండు దెబ్బలు వేశాడు.

"పెట్టిన!" అని గట్టిగా చెప్పాడు, రూలులో ఉన్నట్టే.

పోచన్న చేతికర్ర చివరతో దిమ్మను ఒకసారి తట్టి చూశాడు. రెండోసారి గట్టిగా తట్టాడు. అది కదలలేదు. అప్పుడు తల పైకెత్తి, కొక్కెం విప్పమని బాబు మియాకు సైగ చేశాడు.